ఏ టేబుల్‌కు ఎవరు యజమాని? సాఫ్ట్‌వేర్ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను హనుమకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. డెవలపర్లం ఏడుగురం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులోని అడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాల కోసం 2014 నుంచి ఒక వెబ్ అప్లికేషన్ నడుపుతున్నాం. పైథాన్ భాషలో, జంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాశాం, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. గేటు ఎంట్రీ, కాంటా, వేలం ధర, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీ), రైతు ఖాతా, ఖరీదుదారు బాకీ, కోల్డ్ స్టోరేజీ, ఎస్సెమ్మెస్‌లు అన్నీ ఆ ఒక్కదాంట్లోనే. టేబుళ్ల వర్ణన ఉండే మోడల్స్ ఫైలు ఒక్కటే తొమ్మిది వేల లైన్లు దాటింది. పోయిన మిర్చి సీజన్‌లో రైతులకు వెళ్లే ఎస్సెమ్మెస్‌లో రెండు మాటలు మార్చి అప్‌డేట్ పెట్టాం. ఆ మాటలు డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌ల రిజిస్ట్రీలో) రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌తో కలవక, మెసేజ్‌లను ఫోన్లకు చేర్చే గేట్‌వే తిప్పికొట్టింది. మా కోడ్ మళ్లీ మళ్లీ పంపుతూ పోయింది. తక్‌పట్టీ సేవ్ అయ్యే చోటే, సిగ్నల్ (ఒకటి జరగగానే ఇంకో కోడ్ దానంతటదే నడిచే ఏర్పాటు) ద్వారా, ఆ మెసేజ్ పంపే కోడ్ ఉంది. మధ్యాహ్నానికి తక్‌పట్టీల ప్రింటింగే ఆగిపోయింది. దుకాణాల ముందు రైతులు బారులు తీరారు. అప్పటి నుంచి మా ఓనర్ గారు దీన్ని పన్నెండు మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా, విడగొట్టమంటున్నారు. కోడ్ ముట్టుకోవాలంటేనే అందరికీ టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంగా రాసి వదిలేసిందే అసలు కారణం. తక్‌పట్టీ సేవ్ అవుతున్న ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి పడే, లేదా ఏదీ పడని డేటాబేస్ పని) లోపలి నుంచి మీరు బయటి గేట్‌వేను పిలుస్తున్నారు. గేట్‌వే తిప్పికొట్టింది, కోడ్ కాసేపు ఆగి మళ్లీ పంపింది, మళ్లీ ఆగింది. అంతసేపూ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంది. ఆ ఖరీదుదారు ఖాతా వరుసకు (టేబుల్‌లోని ఆ ఒక్క రికార్డుకు) తాళం పడే ఉంది. ఒకే ఖరీదుదారు పొద్దున్నుంచి చాలా లాట్లు కొని ఉంటే, ఆ తక్‌పట్టీలన్నీ అదే వరుస కోసం ఒకదాని వెనుక ఒకటి ఎదురుచూస్తాయి. కాసేపటికి సర్వర్‌లో ఖాళీగా ఉన్న వర్కర్ (వచ్చిన పనిని చేసే ప్రాసెస్) ఒక్కటీ మిగలదు. అప్పుడు ఎస్సెమ్మెస్‌తో సంబంధం లేని గేటు ఎంట్రీ కూడా ఆగుతుంది.

ఇప్పుడు మీ ఓనర్ గారి ఆలోచనను ఆ మధ్యాహ్నానికి పెట్టి చూడండి. ఎస్సెమ్మెస్‌ను వేరే సర్వర్‌లో వేరే సర్వీసుగా పెట్టారనుకుందాం. తక్‌పట్టీ ట్రాన్సాక్షన్ లోపలి నుంచే దాన్ని పిలిచి జవాబు కోసం ఆగి ఉంటే, సరిగ్గా అదే జరిగేది. ఎక్కడ ఆగిందో వెతకడానికి రెండు చోట్ల లాగ్‌లు చూడాల్సి వచ్చేది, అంతే తేడా. మీ అప్లికేషన్ ఒక్కటిగా ఉండటం వల్ల రైతులు నిలబడలేదు. అందులో ఏ భాగమైనా ఏ భాగాన్నైనా, ఎప్పుడైనా, ఎవరినీ అడగకుండా ముట్టుకోగలగడం వల్ల నిలబడ్డారు.

పన్నెండు సర్వీసుల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. ఇప్పుడు మీ దగ్గర తక్‌పట్టీ నమోదు, రైతు ఖాతాలో జమ, ఖరీదుదారు ఖాతాలో బాకీ, మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడుతున్నాయి. అయితే మూడూ పడతాయి, లేకపోతే ఒక్కటీ పడదు. పోస్ట్‌గ్రెస్ మీకు ఊరికే ఇస్తున్న ఈ భరోసా చాలా విలువైనది. మూడు సర్వీసులు, మూడు డేటాబేస్‌లు అయిన రోజున ఆ భరోసా పోతుంది. నెట్‌వర్క్ మీద పంపిన పిలుపు ఆలస్యం కావచ్చు, పోవచ్చు. అన్నిటికంటే కష్టమైనది, పని జరిగిపోయి జవాబు మాత్రం రాకపోవడం. జవాబు రాలేదని మళ్లీ పంపితే రైతు ఖాతాలో రెండుసార్లు జమ పడుతుంది. అలా కాకుండా చూసే కోడంతా మీ ఏడుగురే రాసుకోవాలి, మీ ఏడుగురే రాత్రిపూట కాపలా కాయాలి.

పెద్ద కంపెనీలు కూడా ఈ దారిలో వెనక్కి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. సెగ్మెంట్ అనే కంపెనీ 140కి పైగా మైక్రోసర్వీసులను తిరిగి ఒకే అప్లికేషన్‌గా ఎలా కలుపుకుందో 2018లో వివరంగా రాసింది. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో ప్రసార నాణ్యతను పరిశీలించే ఒక టీమ్, వేర్వేరు ముక్కలుగా నడుస్తున్న తమ వ్యవస్థను ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చి ఖర్చును 90 శాతానికి పైగా తగ్గించుకుంది. ఆన్‌లైన్ దుకాణాలకు వేదికైన షాపిఫై, రూబీ ఆన్ రెయిల్స్‌తో రాసిన తన అప్లికేషన్‌ను ఒకటిగానే ఉంచి, లోపల మాడ్యూళ్లుగా విభజించింది. ఆ హద్దులు దాటకుండా చూసే ప్యాక్‌వర్క్ అనే పరికరాన్ని 2020లో అందరికీ ఇచ్చింది. మీకు పనికొచ్చేది ఈ మూడో దారి. ఒకే అప్లికేషన్, ఒకే డిప్లాయ్, ఒకే డేటాబేస్, కానీ లోపల గట్టి హద్దులు.

ఆ హద్దులు ఎక్కడ గీయాలన్నదే కష్టమైన పని. ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదంతా వృథా అవుతుంది.

యార్డులో పని జరిగే వరుసలో విడగొట్టాలని ఎవరికైనా ముందు తోస్తుంది: గేటు, కాంటా, వేలం, తక్‌పట్టీ, చెల్లింపు. చూడటానికి ఎంతో సహజంగా ఉంటుంది. ఇది ఎందుకు సరిపడదో డేవిడ్ పార్నాస్ అనే శాస్త్రవేత్త 1972లోనే ఒక చిన్న వ్యాసంలో చూపించారు. ఒకే ప్రోగ్రామును ఆయన రెండు విధాలుగా విడగొట్టారు. మొదటిసారి పని జరిగే దశల ప్రకారం. రెండోసారి, రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ లోపల దాచేలా. మొదటి పద్ధతిలో డేటా ఎలా ఉంటుందో అన్ని దశలకూ తెలిసి ఉండాలి కాబట్టి, అది మారితే అన్నీ మారాలి. రెండో పద్ధతిలో మార్పు ఒక చోట ఆగుతుంది. అప్పటికి వెబ్ లేదు, అయినా ఆ వాదన మీ తొమ్మిది వేల లైన్లకు అలాగే వర్తిస్తుంది.

మీ లాట్ టేబుల్‌నే తీసుకోండి. మీరు రాయలేదు గానీ అందులో అరవై డెబ్బై కాలమ్‌లు ఉంటాయని నా అంచనా. రైతు, ఊరు, బస్తాల సంఖ్య గేటు దగ్గర రాసేవి. తూకం, తరుగు దడ్వాయి (తూకందారు) చెబితే కాంటా దగ్గర ఎక్కేవి. ధర, ఖరీదుదారు వేలంలో తేలేవి. హమాలీ, కమీషన్ తక్‌పట్టీలో పడేవి. కోల్డ్ స్టోరేజీ గది, వరస నంబర్లు అమ్మని సరుకుకు మాత్రమే ఉండేవి. దశల ప్రకారం విడగొడితే ఐదు మాడ్యూళ్లూ ఈ ఒక్క టేబుల్‌నే పట్టుకుని ఉంటాయి. ఫోల్డర్లు ఐదవుతాయి గానీ, కాలమ్ మారిన ప్రతిసారీ ఐదూ మారతాయి.

అందుకే మొదటి వారం కోడ్ రాయకండి. ఒక పెద్ద కాగితం మీద లాట్ టేబుల్ కాలమ్‌లన్నీ నిలువుగా రాయండి. ప్రతి కాలమ్ పక్కన మూడు విషయాలు: దీన్ని ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు, ఎందువల్ల మారుతుంది. మూడోది నింపడానికి ఆఫీసులో కూర్చుంటే కుదరదు, యార్డుకు వెళ్లి గుమస్తా పక్కన కూర్చోవాలి. మా నాన్న ఒక అడ్తి దుకాణంలో గుమస్తాగా పనిచేశారు. కార్బన్ కాగితం పెట్టి తక్‌పట్టీ చేత్తో రాసేవారు. హమాలీ, కమీషన్ లాంటి కోతల లెక్క మారినప్పుడు ఆయన మార్చేది గోడకు అతికించిన ఒక్క కాగితాన్నే, ఖాతా పుస్తకం జోలికి వెళ్లేవారు కాదు. ఖాతా పుస్తకంలో ఎక్కేది నికరం మాత్రమే, అది ఎలా వచ్చిందన్నది తక్‌పట్టీ లెక్క. ఆ విభజన ఏ కంప్యూటరూ రాకముందే ఆ దుకాణంలో ఉంది. మీ కోడ్‌లో మాత్రం హమాలీ రేటు ఖాతా రిపోర్టులో కూడా ఎక్కడో గుణింపబడుతూ ఉంటుంది, వెతికి చూడండి.

ఇలా వెతికితే మీకు కనిపించే మాడ్యూళ్లు నా లెక్క ప్రకారం ఇవి. సరుకు రాక, నిల్వ ఒకటి. వేలం ధరలు ఒకటి. జెండా పాట పలికే తీరు, రకాల జాబితా లోపలే ఉండాలి. తేజ, వండర్ హాట్, చపాట అంటూ రకాలను బట్టే ధర కదా. 2025లో వరంగల్ చపాట మిర్చికి జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. రేపు ఖరీదుదారులు ఆ రకానికి అదనంగా ఏదైనా వివరం అడిగితే, మీరు ఇప్పుడు ఎన్ని ఫైళ్లు ముట్టాలో లెక్కపెట్టుకోండి. అది ఒక్క చోటికి రావాలి. కోతల లెక్క మూడోది: తూకం, ధర, ఆ రోజు రేట్లు ఇస్తే నికరం చెబుతుంది, డేటాబేస్‌లో దేన్నీ మార్చదు. ఖాతాలు నాలుగోది, అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. సమాచారం పంపడం ఐదోది. పన్నెండు రావు, రావాల్సిన అవసరమూ లేదు. కోడ్‌లో మార్పులన్నీ దాచే గిట్ చరిత్ర కూడా చూడండి. గత రెండేళ్లలో ఏ ఫైళ్లు ఎప్పుడూ కలిసే మారాయో తీస్తే, మీరు కాగితం మీద గీసిన హద్దు సరైనదో కాదో తెలుస్తుంది. ఎప్పుడూ కలిసి మారేవాటి మధ్య గీత గీస్తే మీకే నష్టం.

హద్దు అంటే ఏమిటో మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నీళ్లు కిందికి తూము గుండానో మత్తడి మీదుగానో మాత్రమే వెళ్తాయి. కట్టకు ఇంకెక్కడ గండి పడినా కింది చెరువుకూ ముప్పే. మీ ఒక్కో మాడ్యూల్‌కు అలాంటి తూము ఒక్కటే ఉండాలి: బయటివాళ్లు పిలవగలిగే ఫంక్షన్లన్నీ ఒకే ఫైలులో. ఖాతాల మాడ్యూల్‌కు ‘జమ చెయ్యి’, ‘బాకీ రాయి’, ‘నిల్వ చెప్పు’ అనే మూడు ఫంక్షన్లు చాలు. వాటి వెనుక ఉన్న టేబుళ్లను ఆ మాడ్యూల్ కోడ్ తప్ప ఇంకెవరూ రాయకూడదు. వీలైతే చదవకూడదు కూడా. రిపోర్టుల కోసం చదవాల్సి వస్తే దానికి విడిగా ఒక వ్యూ (టేబుళ్లలోంచి కావాల్సినంతే చూపే ఏర్పాటు) చేసి ఇవ్వండి.

జంగోలో ఈ కట్టకు తెలియకుండా గండి పెట్టేవి కొన్ని ఉన్నాయి. ఫారిన్ కీ (ఒక టేబుల్ వరుసను ఇంకో టేబుల్ వరుసకు కలిపే లింకు) రాసిన వెంటనే అవతలి వైపు నుంచి కూడా దారి తెరుచుకుంటుంది, రైతు వరుస చేతిలో ఉంటే అతని లాట్లన్నీ చేతిలో ఉన్నట్టే. మాడ్యూళ్ల మధ్య ఆ వెనకదారిని మూసేయండి, జంగోలో అందుకు వీలుంది. సిగ్నళ్లు రెండోది. తక్‌పట్టీ సేవ్ అయితే ఏమేం జరుగుతాయో తక్‌పట్టీ కోడ్ చదివితే తెలియకపోవడమే మీ ప్రమాదానికి దారితీసింది. హద్దు దాటే సిగ్నళ్లన్నీ తీసేసి సూటి పిలుపులుగా మార్చండి. మూడోది మీకు ప్రత్యేకంగా చెప్పాలి. జంగో 2.0 వచ్చిన 2017 డిసెంబర్ వరకు, ఫారిన్ కీ రాసేటప్పుడు, అవతలి వరుసను తీసేస్తే ఏం చేయాలో చెప్పకపోతే క్యాస్కేడ్ అని అర్థం, అంటే దానికి లింకైనవీ పోతాయి. మీ అప్లికేషన్ 2014ది. వెర్షన్ మార్చినప్పుడు అన్నిచోట్లా క్యాస్కేడ్ అని నింపేసి ఉంటారు. రెండుసార్లు ఎక్కిన రైతు పేరును ఒకరు తీసేస్తే అతని లాట్లు, తక్‌పట్టీలు దానితోపాటే పోతాయి. ఇవాళే చూసుకోండి. డబ్బుకు సంబంధించిన ప్రతి చోటా, లింకు ఉన్నంతవరకు తీసేయనివ్వని ప్రొటెక్ట్‌గా మార్చండి.

కొందరు మాడ్యూళ్ల మధ్య ఫారిన్ కీలన్నీ తీసేసి వట్టి నంబర్లు ఉంచుకోమంటారు. రేపు డేటాబేస్‌లు వేరుచేయడానికి అది సులువే. ఖాతాల విషయంలో నేను ఒప్పుకోను. ఒకే డేటాబేస్‌లో ఉన్నన్నాళ్లూ, లేని రైతు పేరు మీద జమ పడకుండా ఆపేది ఆ కీ ఒక్కటే.

పని వరుస చెబుతాను. ముందు సమాచారం పంపడాన్ని తీయండి. మిగతా మాడ్యూళ్లేవీ దాని డేటాను చదవవు కాబట్టి సులువు, మీ గాయం కూడా అక్కడే ఉంది. తక్‌పట్టీతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో, పంపాల్సిన మెసేజ్‌ల టేబుల్‌లో ఒక వరుస రాసి ఊరుకోండి. వేరే ప్రాసెస్ ఒకటి ఆ టేబుల్ చూసి పంపుతుంది, పంపాక గుర్తు పెడుతుంది. ట్రాన్సాక్షన్ పూర్తయ్యాక (కమిట్ అయ్యాక) కోడ్ నడిపే ఆన్ కమిట్ అనే సదుపాయం జంగోలో ఉంది కదా, అది చాలదా అని మీ టీమ్‌లో ఎవరైనా అడగవచ్చు. కమిట్ అయిన తర్వాత, ఆ పిలుపు జరిగేలోపు ప్రాసెస్ పడిపోతే మెసేజ్ ఆనవాలు ఎక్కడా మిగలదు. రైతుకు తన డబ్బు వివరం అందాల్సిన మెసేజ్ అది, టేబుల్‌లో ఉండటమే న్యాయం. అప్పుడప్పుడు ఒకే మెసేజ్ రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంటుంది. అసలు వెళ్లకపోవడం కంటే అది నయం.

తర్వాత కోతల లెక్క. పోయిన సీజన్ తక్‌పట్టీలన్నీ మీ డేటాబేస్‌లోనే ఉన్నాయి, అంతకంటే మంచి టెస్టు ఎవరూ రాయలేరు. ప్రతి తక్‌పట్టీ తూకం, ధర, ఆనాటి రేట్లు కొత్త కోడ్‌కు ఇచ్చి, వచ్చిన నికరాన్ని పాతదానితో పైసాతో సహా పోల్చండి. తేడా వచ్చిన చోట కొత్తదే తప్పని అనుకోవద్దు, పాతదే కరెక్టని కూడా అనుకోవద్దు. గుమస్తాను అడగండి. ఎక్కడైనా పైసల్లో తేడా తెచ్చే ఫ్లోట్ సంఖ్యలు వాడి ఉంటే కచ్చితమైన డెసిమల్‌కు మార్చే సమయం కూడా ఇదే. ఆ తర్వాత కొన్ని వారాలు పాత కోడ్ లెక్కతోనే ప్రింట్ చేస్తూ, కొత్త కోడ్‌ను పక్కన నడిపి తేడాలను మాత్రం లాగ్‌లో రాయించండి. తేడాలు ఆగిపోయాక కొత్తదాన్ని ముందుకు తెచ్చి పాతదాన్ని తీసేయండి. తీసేయడం మరవొద్దు, పాత కోడ్ ఉన్నంతకాలం ఎవరో ఒకరు దాన్నే పిలుస్తారు.

ఖాతాలు చివర. అప్పటికి టీమ్ చేతికి ఈ పని అలవాటై ఉంటుంది.

మోడల్‌ను ఒక యాప్ (జంగోలో ఒక మాడ్యూల్‌కు పేరు) నుంచి ఇంకో యాప్‌కు మార్చడానికి డేటా కదిలించాల్సిన పని లేదు. కొత్త మోడల్‌లో పాత టేబుల్ పేరే ఇవ్వండి. మైగ్రేషన్‌లో (టేబుళ్ల మార్పులు రాసే ఫైలులో) సెపరేట్ డేటాబేస్ అండ్ స్టేట్ అనే ఆదేశం వాడితే, జంగో దృష్టిలో మోడల్ ఇల్లు మారుతుంది, టేబుల్ ఉన్నచోటే ఉంటుంది. మోడళ్ల పేర్లను జంగో గుర్తుపెట్టుకునే కంటెంట్ టైప్‌లు, పర్మిషన్లు మాత్రం పాత యాప్ పేరు మీదే మిగిలిపోతాయి, వాటిని విడిగా సరిచేయాలి.

హద్దులను మనుషుల జ్ఞాపకం మీద వదిలితే ఒక్క సీజన్ కూడా నిలవవు. ఇంపోర్ట్ లింటర్ అనే పైథాన్ పరికరం ఉంది. ఏ మాడ్యూల్ దేన్ని ఇంపోర్ట్ చేయకూడదో (తెచ్చుకుని వాడకూడదో) రాసిపెడితే, దాటినప్పుడు బిల్డ్ ఆగిపోతుంది. మొదటి రోజే వందల తప్పులు చూపిస్తుంది, కంగారుపడకండి. ఉన్నవాటిని మినహాయింపుల జాబితాలో రాసేయండి, కొత్తది ఒక్కటి కూడా చేరనివ్వకండి. ఆ జాబితా తగ్గుతూ పోవడమే మీ పని ఎంత ముందుకు వెళ్లిందో చెప్పే లెక్క. మీ ఓనర్ గారికి నెలకోసారి చూపించాల్సింది కూడా అదే.

జనవరి నుంచి మే వరకు మిర్చి రద్దీలో ఖాతాలు, కోతల జోలికి వెళ్లకండి. అక్టోబర్ నుంచి పత్తి వస్తుంది. మీకు దొరికేది జూన్ నుంచి సెప్టెంబర్ వరకే. మొదటి ఏడు సమాచారం పంపడం, కోతల లెక్క అయితే చాలు. ఖాతాలు వచ్చే ఏడు చేసినా పరవాలేదు.

మరి ఎప్పటికీ వేరే సర్వీసు వద్దా? కావాల్సినప్పుడు కావాలి. ఒక భాగం మీద వచ్చే రద్దీ మిగతావాటికి పోలిక లేనంతగా ఉన్నప్పుడు, దాన్ని చూసుకునే టీమ్ వేరైనప్పుడు, అది పడిపోయినా మిగతాది ఆగకూడదన్నప్పుడు. మీ దగ్గర రోజువారీ ధరలు రైతుల ఫోన్లకు చూపించే పేజీ ఉంటే అది మొదట విడిపోవచ్చు, ఎందుకంటే అది చదవడమే తప్ప రాయదు. ఒక సంస్థ తయారుచేసే వ్యవస్థ ఆ సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరులోనే ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో రాశారు. ఒకే గదిలో కూర్చునే ఏడుగురు పన్నెండు సర్వీసులు చేస్తే, ఒక్కొక్కరు ఒకటిన్నర కంటే ఎక్కువ సర్వీసులకు బాధ్యులవుతారు. ఒకరు పెళ్లికి సెలవు పెడితే ఆ వారం దాన్ని ముట్టే దిక్కు ఉండదు.

ప్రశ్న: మేడమ్, మేం కూడా మాడ్యూళ్లుగా విడగొట్టాం. అన్నిచోట్లా కావాల్సినవి ‘కామన్’ అనే ఫోల్డర్‌లో పెట్టాం. ఏడాది తిరిగేసరికి అదే అన్నిటికంటే పెద్దదైంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: దాన్ని తెరిచి ప్రతి ఫంక్షన్‌కూ ఒక ప్రశ్న వేయండి: ఇందులో వ్యాపార నిర్ణయం ఏదైనా ఉందా? తేదీని తెలుగులో చూపించడం, ఫోన్ నంబర్ పది అంకెలు ఉందో లేదో చూడటం లాంటివి అక్కడే ఉండొచ్చు. ‘రూపాయికి సరిచెయ్యి’ అనే ఫంక్షన్ ఉంటే మాత్రం ఆలోచించాలి. బిల్లులో మొత్తాన్ని దగ్గరి రూపాయికి తెచ్చే పద్ధతి, జీతంలో కోతను సరిచేసే పద్ధతి ఒకటే కావాలని ఏమీ లేదు. ఇవాళ రెండూ ఒకేలా ఉండటం యాదృచ్ఛికం కావచ్చు. రెండు మాడ్యూళ్లలో రెండుసార్లు రాయండి. నాలుగు లైన్ల కోడ్ రెండు చోట్ల ఉన్నందుకు నష్టం లేదు. బిల్లుల వాళ్లు దాన్ని మార్చిన రోజు జీతాల లెక్క మారిపోతేనే నష్టం.

ప్రశ్న: అక్కా, నేను కాజీపేటలో ఉంటాను, బీటెక్ ఫైనలియర్. మా ప్రాజెక్టు హాస్టల్ మెస్ బిల్లుల వెబ్‌సైట్. నలుగురం చేస్తున్నాం. మైక్రోసర్వీసులు వాడితేనే ఇంటర్వ్యూలో విలువ ఉంటుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, కాజీపేట

జవాబు: చెల్లె, మీ నలుగురికీ ఉన్న సమయంలో సగం ఆ సర్వీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేయడానికే పోతుంది, మెస్ బిల్లు అలాగే ఉండిపోతుంది. ముందు ఒకే అప్లికేషన్‌గా మొదలుపెట్టమని సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2015లో సూటిగానే రాశారు. సరైన హద్దులు ఎక్కడో మొదట్లో ఎవరికీ తెలియవన్నది అందుకు ఆయన చెప్పిన ప్రధాన కారణాల్లో ఒకటి. ఒకే అప్లికేషన్ చెయ్యండి. హాజరు, మెనూ, బిల్లు అని మూడు మాడ్యూళ్లు పెట్టి, బిల్లు మాడ్యూల్ హాజరు టేబుల్‌ను నేరుగా ముట్టకుండా చూడండి. నెల మధ్యలో రోజువారీ రేటు మారితే ఏ ఫైలు మారుతుందో రాసి పెట్టుకో. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఆ ఒక్క ఫైలు చూపించు, ఎందుకు విడగొట్టలేదో కారణం చెప్పు. అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసే టేబుల్‌కు అటువైపు నేను చాలాసార్లు కూర్చున్నాను. బొమ్మలో డబ్బాలు ఎక్కువ గీసినవాళ్ల కంటే, ఒక గీత ఎందుకు అక్కడ గీశారో చెప్పగలిగినవాళ్లనే ఎంచుకున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. నిజామాబాద్‌లో ఒక విద్యాసంస్థకు అడ్మిషన్లు, ఫీజులు, మార్కుల సాఫ్ట్‌వేర్ చూస్తాను. పాత పీహెచ్‌పీలో ఎవరో రాసి వెళ్లారు. టెస్టులు లేవు. మొత్తం పక్కన పెట్టి కొత్తగా రాయమని మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. ఏడాది గడువు. మంచి అవకాశమేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అవకాశం మంచిదే, పద్ధతి ప్రమాదకరం. నెట్‌స్కేప్ బ్రౌజర్ నాలుగో వెర్షన్ 1997లో వచ్చింది. ఆ తర్వాత కోడ్‌ను దాదాపు మొదటి నుంచీ తిరగరాశారు. తర్వాతి పెద్ద వెర్షన్, ఆరోది, 2000 నవంబర్‌కు గానీ రాలేదు, ఐదోది విడుదలే కాలేదు. ఈలోగా జనం ఇంకో బ్రౌజర్‌కు అలవాటుపడిపోయారు. మీ కాలేజీలో విద్యార్థులు వేరే చోటికి పోలేరు, నిజమే. కానీ ఆ ఏడాది పొడవునా ఫీజు నిబంధనలు మారుతూనే ఉంటాయి. పాతదానిలోనూ మార్చాలి, కొత్తదానిలోనూ మార్చాలి. పాత కోడ్‌లో అర్థంకాని ఇఫ్‌లు (షరతులు) చాలా ఉంటాయి. వాటిలో కొన్ని, ఒకప్పుడు ఒక విద్యార్థికి వచ్చిన నిజమైన కష్టాన్ని తీర్చడానికి రాసినవి. స్కాలర్‌షిప్ ఆలస్యమైన పిల్లల హాల్‌టికెట్ ఆగకుండా చూసే షరతు లాంటిది కొత్తదానిలో ఎవరికీ గుర్తు రాకపోతే, పరీక్ష ముందురోజు కౌంటర్ దగ్గర ఏడుస్తూ నిలబడేది ఒక అమ్మాయి.

ఆ ఏడాది గడువును ఇలా వాడండి. పాతదాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (వచ్చిన పిలుపులను దారి మళ్లించగల వెబ్ సర్వర్) పెట్టండి. మొదటి రోజు అది వచ్చిన ప్రతిదాన్నీ పాతదానికే పంపుతుంది. తర్వాత ఒక్కో చిరునామాను కొత్తదానికి మళ్లించండి. విద్యార్థి మార్కులు చూసుకునే పేజీ మొదట, ఎందుకంటే అది చదవడమే. తేడా వస్తే ఆ ఒక్క లైనును వెనక్కి తిప్పితే చాలు, పాతది అక్కడే ఉంటుంది.

మీకు మొదట తగిలే అడ్డంకి లాగిన్. పీహెచ్‌పీ సెషన్ (లాగినైనవాళ్లను గుర్తుపెట్టుకునే సమాచారం) మామూలుగా సర్వర్‌లో ఫైళ్లలో ఉంటుంది, కొత్త కోడ్‌కు అది అర్థం కాదు. సెషన్‌ను రెండూ చదవగలిగే చోటికి, అంటే డేటాబేస్‌కో, రెడిస్ అనే వేగవంతమైన డేటా స్టోర్‌కో, ముందే మార్చండి. రెండో అడ్డంకి ఇంకా పెద్దది: ఒకే టేబుల్‌ను పాతదీ కొత్తదీ రెండూ రాయడం. రెండూ చదవొచ్చు, రాసేది మాత్రం ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. ఫీజు రసీదుల టేబుల్ కొత్తదానికి మారిన రోజున, పాత కోడ్‌లోని రసీదు పేజీ కూడా కొత్తదాన్నే పిలవాలి. పాతదానికి వాడే డేటాబేస్ యూజర్ నుంచి ఆ టేబుల్ మీద రాసే హక్కు తీసేయండి. ఎక్కడో మిగిలిపోయిన పాత స్క్రిప్ట్ ఏదైనా ఉంటే ఆ రోజే ఎర్రర్ ఇస్తుంది. ఆ పని అడ్మిషన్ల రద్దీ లేని నెలలో, క్యాషియర్ కౌంటర్‌లో ఉన్న వేళల్లో చేయండి. ఎర్రర్ మొదట కనిపించేది ఆయనకే, మీ ఫోన్ నంబర్ ఆయన దగ్గర ఉండాలి.